నార్మల్ అని రాసిన కాగితం

ఎనిమిదేళ్ల కిందట, మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, నాలుగో తరగతి పిల్లలకు బోర్డు మీద ఒత్తులు రాసి చూపిస్తున్నాను. ‘లక్ష్మి’ దగ్గరికి వచ్చేసరికి క్ష కింద పెట్టాల్సిన మ ఒత్తు వంకర పోయింది. తుడిచి మళ్లీ రాశాను. మళ్లీ వణికింది. మొదటి బెంచీలో కూర్చున్న పిల్లవాడు, “టీచర్, మీకు చలేస్తోందా?” అని అడిగాడు. గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ తిరగడం లేదు. నా వీపంతా చెమటతో తడిసి ఉంది.

నా ఒంట్లో ఎలా ఉందో అంత సూటిగా అడిగిన మొదటి మనిషి ఆ పిల్లవాడే. ఆ తర్వాత ఎందరో డాక్టర్లను చూశాను, లెక్కలేనన్నిసార్లు రక్తం ఇచ్చాను, ఒక చిన్న గొట్టం మాత్రతో నా థైరాయిడ్ గ్రంథిని దాదాపుగా కాల్చేసుకున్నాను. ఇప్పుడు నా రిపోర్టులన్నీ సరిగ్గానే ఉంటున్నాయి. అయినా అటువంటి ప్రశ్న మళ్లీ వినడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. థైరాయిడ్ ఎక్కువై వైద్యం చేయించుకున్న మనిషి బాగుపడిందో లేదో చెప్పాల్సింది ఆ మనిషే. రక్తపరీక్ష కాగితం ఒక సాక్షి మాత్రమే. తీర్పు చెప్పే అధికారం ఆ కాగితానికి ఇచ్చేయడం వల్ల నాలాంటివాళ్లు ఏళ్ల తరబడి నలిగిపోతున్నారు.

జబ్బు మొదలైన రోజుల్లో నేను అందరికీ ఆరోగ్యంగా కనిపించాను. నాలుగు నెలల్లో 58 కిలోల నుంచి 49కి దిగాను. స్టాఫ్ రూములో తోటి టీచర్లు ఏం తింటున్నావు, ఏం మానేశావు అని అడిగేవారు. నేనేమీ మానలేదు. రెండు పూటలా పళ్లెం నిండా అన్నం తిని, గంట తిరగకముందే డబ్బాలో జంతికలు వెతుక్కునేదాన్ని. మా అత్తగారు దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తిప్పి వీధిలో పారబోశారు. ఆవిడ తనకు తెలిసినంతలో నన్ను కాపాడుకోవాలనే చూశారు. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుంటే దిండులోంచి నా గుండె చప్పుడు నాకే వినిపించేది. కింద కూర్చుని ముగ్గు వేస్తే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. తొడల్లో సత్తువ అంతా ఎవరో తోడేసినట్టు ఉండేది.

వీటన్నిటినీ మించి, నాకు కోపం వచ్చేది. ఒకరోజు బడికి వేళవుతోందని నా కూతురికి జడ వేస్తున్నాను. దానికి అప్పుడు ఆరేళ్లు. కాస్త కదిలింది. దువ్వెన విసిరికొట్టాను. గోడకు తగిలి రెండు ముక్కలైంది. అది ఏడవలేదు. రెండో జడ తనే అల్లుకోవడానికి ప్రయత్నించి, రాక, జుట్టు అలాగే వదిలేసి బడికి వెళ్లింది. ఆ రోజు నేను చేసింది ఏ రిపోర్టులోనూ లేదు. కానీ ఈ జబ్బు నా జీవితంలోంచి ఏం తీసుకుందని అడిగితే, తొమ్మిది కిలోల బరువు కంటే ముందు ఆ ఉదయాన్నే చెబుతాను.

జబ్బు పేరు గ్రేవ్స్ వ్యాధి. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే వైద్యుడు గుండెదడ, మెడ ముందు వాపు కలిసి ఉన్న కొందరు స్త్రీల గురించి రాశాడు. 1840లో జర్మనీలోని మెర్సెబుర్గ్‌లో బాసెడో అనే ఆయన కళ్లు ముందుకు పొడుచుకు రావడాన్ని కూడా కలిపి వర్ణించాడు. మామూలుగా మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోను పంపి, మెడలోని థైరాయిడ్‌తో కావలసినంతే పని చేయించుకుంటుంది. గ్రేవ్స్ వ్యాధిలో మన రోగనిరోధక వ్యవస్థే ఒక యాంటీబాడీని తయారు చేస్తుంది. అది వెళ్లి టీఎస్‌హెచ్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. ఇక థైరాయిడ్‌కు ఆపే చెయ్యి ఉండదు. పిట్యూటరీ తన టీఎస్‌హెచ్‌ను దాదాపు సున్నాకు తగ్గించుకున్నా ఫలితం ఉండదు. మన ఊళ్లలో ‘థైరాయిడ్ వచ్చింది’ అంటే ఎక్కువమందికి తట్టేది ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైనది, అంటే హార్మోను తక్కువై ఒళ్లు రావడం. అందుకే నాకు వచ్చిన సలహాల్లో సగం నాకు పనికిరానివి. క్యాబేజీ మానమని కనీసం ఇరవై మంది చెప్పి ఉంటారు.

దీనికి మూడు దారులున్నాయి. హార్మోను తయారీని తగ్గించే కార్బిమజోల్ వంటి మాత్రలు ఏడాది, ఏడాదిన్నర వాడటం. రేడియోధార్మిక అయోడిన్ మింగడం. ఆపరేషన్ చేసి గ్రంథిని తీసేయడం. మాత్రలు ఆపాక దాదాపు సగం మందిలో జబ్బు తిరగబెడుతుంది. రేడియో అయోడిన్ తీసుకున్నవారిలో ఎక్కువమందికి, గ్రంథి పూర్తిగా తీసేయించుకున్నవారందరికీ, తర్వాత జీవితాంతం, థైరాయిడ్ హార్మోనుకు బదులుగా ఇచ్చే థైరాక్సిన్ మాత్ర తప్పదు. ఇవేవీ నాకు మొదటి రోజు ఎవరూ చెప్పలేదు. ఎక్కడ వైద్యం చేయించుకున్నానో రాయను, ఎందుకంటే ఇది ఒక్క ఆసుపత్రి సంగతి కాదు. నాకు చీటీ రాసిచ్చారు. కార్బిమజోల్ 30 మిల్లీగ్రాములు, గుండెదడకు ప్రొప్రానొలాల్. బయట బెంచీల మీద నలభై మంది ఉన్నారు. నేను లేచి వచ్చేశాను.

ఆ చీటీతో పాటు తప్పకుండా చెప్పాల్సిన మరో మాట ఉంది. కార్బిమజోల్ వాడేవారిలో చాలా అరుదుగా తెల్లరక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. జ్వరం, గొంతునొప్పి కలిసి వస్తే మాత్ర ఆపి, వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈ సంగతి నాకు ఐదో నెలలో, మందుల షాపతను చెబితే తెలిసింది. అప్పటికే ఒకసారి గొంతునొప్పితో జ్వరం వచ్చి, తులసి కషాయం తాగి పడుకున్నాను. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పద్దెనిమిది నెలలు మాత్రలు వాడాను. ఆపిన ఏడు నెలలకు సుద్దముక్క మళ్లీ వణికింది. అప్పుడు రేడియో అయోడిన్ తీసుకోమన్నారు. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే వైద్యుడు మొదటిసారి రోగికి ఇచ్చిన వైద్యం ఇది. థైరాయిడ్ ఎలాగూ అయోడిన్‌ను పీల్చుకుంటుంది కాబట్టి, ఆ అయోడిన్‌కే రేడియోధార్మికతను తగిలించి లోపలికి పంపుతారు. కోత లేదు, కుట్టు లేదు. ఒక గొట్టం మాత్ర, ఒక గ్లాసు నీళ్లు. అందులోని రేడియోధార్మికత ఎనిమిది రోజులకు సగమవుతుంది. అందుకే కొన్నాళ్లు పిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండమంటారు. నేను మేడ మీది గదిలో ఉన్నాను. నా కంచం, గ్లాసు వేరు. సాయంత్రం నా కూతురు మెట్ల చివర నిలబడి ఆ రోజు బడిలో జరిగినవన్నీ గట్టిగా అరిచి చెప్పేది. మూడో రోజు, “అమ్మా, ఈ మందుతో నీ కోపం కూడా పోతుందా?” అని అడిగింది. పోతుందన్నాను. ఆ మాట నిజమే అయింది.

అయితే కోపంతో పాటు ఇంకా చాలా పోయాయి. మూడు నెలల్లో నా థైరాయిడ్ దాదాపు ఆగిపోయింది. ఉరికే మనిషిని కాస్తా ఈడ్చుకుంటూ నడిచే మనిషినయ్యాను. బరువు 49 నుంచి 66కు వెళ్లింది. సన్నబడినప్పుడు మెచ్చుకున్న నోళ్లే ఇప్పుడు కాస్త ఒళ్లు తగ్గించుకోమన్నాయి. తరగతిలో మూడేళ్లుగా నాకు తెలిసిన పిల్లను పిలవబోయి పేరు గుర్తురాక చెయ్యి అలాగే చాచి నిలబడ్డాను. థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, 75, 100 దాకా పెంచారు. ఒకసారి మోతాదు మారిస్తే రక్తంలో దాని ఫలితం కుదురుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. అంటే ప్రతి చిన్న సవరణకూ నా జీవితంలోంచి నెలన్నర పోతుంది. చివరికి ఒకరోజు రిపోర్టులో టీఎస్‌హెచ్ 4.1 వచ్చింది. హార్మోను తక్కువైతే పెరిగే అంకె ఇది. ల్యాబు వాళ్ల పరిధికి లోపలే ఉంది. “అంతా నార్మల్‌గా ఉందమ్మా, ఇదే మాత్ర వాడండి, ఆరు నెలల తర్వాత రండి,” అన్నారు డాక్టరు గారు. నీరసంగా ఉంటోందన్నాను. “ఈ వయసులో ఆడవాళ్లకు మామూలే,” అన్నారు. నాకు అప్పుడు ముప్పై ఏడు.

ఇక్కడ ఇంకో లెక్క చెప్పాలి. మాకు రెండో బిడ్డ కావాలనే కోరిక ఉండేది. కార్బిమజోల్ గర్భం మొదటి నెలల్లో బిడ్డకు మంచిది కాదు కాబట్టి జాగ్రత్తగా ఉన్నాం. తర్వాత జబ్బు తిరగబెట్టింది. రేడియో అయోడిన్ తీసుకున్నాక కనీసం ఆరు నెలలు ఆగాలన్నారు. ఆ తర్వాత మోతాదు కుదిరే వరకు ఆగమన్నారు. ఒక్కొక్కటీ సరైన సలహానే. వరసగా పేర్చి చూసుకుంటే మాత్రం మూడేళ్లు దాటిపోయాయి. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తడం మానేశాం. మొదటి రోజే ఎవరైనా ‘మీకు ఇంకా పిల్లలు కావాలనుందా?’ అని అడిగి ఉంటే, మూడు దారుల్లో మేము ఏది ఎంచుకునేవాళ్లమో చెప్పలేను. కనీసం ఎంచుకునేవాళ్లం.

నార్మల్ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఎంతోమంది రక్తం పరీక్షించి, వాళ్లలో అత్యధికుల అంకెలు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉన్నాయో చూసి గీసిన గీతలవి. టీఎస్‌హెచ్‌కు సుమారు 0.4 నుంచి 4 వరకు అంటారు, ల్యాబును బట్టి కాస్త మారుతుంది. ఒక్క మనిషినే తీసుకుని ఏడాది పొడవునా పరీక్షిస్తే ఆ అంకె ఇంత వెడల్పున తిరగదు. ఎవరి ఇరుకు సందు వారిది. ఒకరి శరీరం 1 దగ్గర హాయిగా ఉంటే, మరొకరిది 3 దగ్గర. జబ్బు రాకముందు నాది ఎంతో ఎవరికీ తెలియదు. కాబట్టి 4.1 అనేది జనాభాకు నార్మల్. నాకు కాదేమోనని అనుమానించడానికి మాత్రం నన్ను అడగాలి. అంకె అబద్ధం చెప్పదు, నిజమే. దాన్ని అడిగిన ప్రశ్నకే అది జవాబిస్తుంది.

వైద్యం విజయవంతమైందని అనుకున్న చోట రోగులను వెనక్కి పిలిచి చూసిన ఒక మనిషి కథ నాకు చాలా ఇష్టం. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో థియోడర్ కోఖర్ అనే సర్జన్ ఉండేవారు. ఆల్ప్స్ కొండప్రాంతాల్లో అయోడిన్ లోపం వల్ల మెడలో పెద్ద పెద్ద వాపులు వచ్చేవి. నాది వేరే జబ్బు, కానీ గ్రంథి అదే. ఆ వాపులకు ఆపరేషన్ చేస్తే అంతకుముందు ఎందరో రక్తం పోయి చనిపోయేవారు. కోఖర్ నెమ్మదిగా, శుభ్రంగా, ఒక్కో రక్తనాళాన్నీ కట్టుకుంటూ ఆపరేషన్ చేసి ఆ మరణాలను బాగా తగ్గించారు. 1874లో పదకొండేళ్ల పిల్లకు థైరాయిడ్ మొత్తం తీసేశారు. గాయం మానింది, పిల్ల బతికింది, ఇంటికి వెళ్లింది. ఆసుపత్రి లెక్కలో అది గెలుపు. ఆ పిల్ల మందకొడిగా మారిందని తర్వాత ఆమె ఊరి వైద్యుడు చెప్పాడు. ఇటువంటిదే జెనీవాలో రెవెర్డిన్ అనే సర్జన్ కూడా గమనించి 1882లో కోఖర్‌తో అన్నారు. అప్పుడు కోఖర్ తన పాత రోగులను తిరిగి రమ్మని పిలిపించారు. గ్రంథి మొత్తం తీసేసిన వారిలో 18 మందిని మళ్లీ చూడగలిగితే, వారిలో 16 మంది ఉబ్బిన ముఖాలతో, మందగించిన మాటతో, చలికి వణుకుతూ వచ్చారు. ఆ పిల్ల ఎదుగుదల ఆగిపోయింది. చెల్లెలు ఆమెను దాటి పెరిగిపోయింది. 1883లో ఆయన ఇదంతా తోటి సర్జన్ల ముందు దాచకుండా చెప్పారు. ఇటువంటి వాపులకు మొత్తం గ్రంథిని తీయడం ఆపేశారు. థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో నోబెల్ బహుమతి వచ్చింది. గ్రంథి ఏం పని చేస్తుందో లోకానికి అంత స్పష్టంగా తెలిసింది ఆ రోగుల ముఖాలు చూసినందువల్లే.

ఆయన ఆపరేషన్ చేసిన గ్రేవ్స్ రోగుల్లో ఒకరు మా నాన్నగారి పుస్తకాల అలమర ద్వారా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. లెనిన్ భార్య క్రుప్‌స్కయా. పాత పుస్తకాల్లో ఆవిడ ఫొటో చూసి, ఈవిడ కళ్లు ఎందుకిలా ఉన్నాయని నాన్నను అడిగేదాన్ని. పని ఎక్కువ చేసి అలసిపోయిందమ్మా అనేవారాయన. 1913లో లెనిన్ ఆమెను బెర్న్ తీసుకెళ్లి కోఖర్‌తో ఆపరేషన్ చేయించారు. ఆ తర్వాత ఆవిడ ఇరవై ఐదేళ్లకు పైగా బతికి, ఒక పెద్ద దేశపు చదువులూ గ్రంథాలయాల పని భుజాన వేసుకున్నారు. ఆ కళ్ల వెనక ఉన్న అలసట ఎలాంటిదో నాకు ముప్పై ఐదో ఏట అర్థమైంది.

కోఖర్ చేసిన పనిని మన కాలంలో ఎక్కువ ఓపికగా చేసింది స్వీడన్ వాళ్లు. 1980లలో అక్కడ 179 మంది గ్రేవ్స్ రోగులను చీటీలు వేసినట్టుగా మూడు వైద్యాలకు పంచారు. పద్నాలుగు నుంచి ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో అడిగారు. మూడు గుంపుల మధ్య పెద్ద తేడా కనిపించలేదు. కానీ మూడు గుంపులనూ కలిపి మామూలు జనంతో పోలిస్తే ఉత్సాహంలో, మానసిక స్థితిలో తక్కువగానే ఉన్నారు. అన్నేళ్ల తర్వాత కూడా! 2019లో వచ్చిన మరో స్వీడన్ అధ్యయనంలో వైద్యం మొదలై ఆరు నుంచి పదేళ్లు గడిచిన 1186 మందిని అడిగితే, సుమారు నాలుగో వంతు మంది పూర్తిగా కోలుకున్నట్టు లేదన్నారు. అందులో రేడియో అయోడిన్ తీసుకున్నవారి జీవన నాణ్యత మిగతా రెండు గుంపుల కంటే తక్కువగా కనిపించింది.

ఇది చదివిన రోజు నాకు కోపం వచ్చింది, నన్ను మోసం చేశారనిపించింది. తర్వాత నిదానంగా మళ్లీ చదివాను. రెండో అధ్యయనంలో ఎవరికి ఏ వైద్యమన్నది చీటీలు వేసి నిర్ణయించలేదు. రేడియో అయోడిన్ ఎవరికి ఇచ్చారో, ఎందుకిచ్చారో, ఆ కారణాలు కూడా ఫలితంలో కలిసి ఉంటాయి. కాబట్టి రేడియో అయోడిన్ చెడ్డదని నేను అనను. గుండె లయ తప్పిన పెద్దవాళ్లకు, మాత్రలు పడనివాళ్లకు, ఆపరేషన్‌కు తగనివాళ్లకు అది ప్రాణం పోస్తుంది. నాకూ పనికొచ్చింది. నా ఫిర్యాదు మాత్ర మీద కాదు. నాలుగో వంతు మందికి జరిగేది అసాధారణం కాదు కదా. మరి ఆ సంగతి రోగికి ముందే ఎందుకు చెప్పరు? ముందే తెలిస్తే, నీరసం వచ్చిన రోజున అది నా బద్ధకం అనుకోను. నా ఇంట్లోవాళ్లూ అనుకోరు.

కళ్ల సంగతి కూడా ఇలాంటిదే. గ్రేవ్స్ వ్యాధిలో కొందరికి కళ్ల వెనక ఉన్న కండరాలు, కొవ్వు వాచి కళ్లు ముందుకు వస్తాయి. పొగ తాగేవారికి ఈ బెడద ఎక్కువ. కంటి జబ్బు ఉన్నవారిలో రేడియో అయోడిన్ తర్వాత అది ముదిరే ప్రమాదం ఉంది కాబట్టి కొందరికి స్టెరాయిడ్ మాత్రలు కలిపి ఇస్తారు. నాది తేలికపాటిదే. చుక్కల మందు, రాత్రి తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, ఎండలో నల్లద్దాలు. డాక్టర్ల భాషలో అది చిన్న సమస్య. నా పై రెప్ప కాస్త పైకి లాగినట్టుండి, నేను మామూలుగా చూసినా ఉరిమి చూసినట్టు ఉండేది. పిల్లలతో పని చేసే మనిషికి ఇది చిన్న సమస్య కాదు. కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి రావడానికి భయపడేవారు. ఆ ఏళ్లలో బడి గ్రూపు ఫొటోల్లో వేటిలోనూ నేను లేను. ఎవరో ఒకరు తీయాలి కదా అని ఫోను నేనే పట్టుకునేదాన్ని.

1990ల చివర్లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు ఈ కంటి జబ్బు కోసం ఒక ప్రశ్నావళి తయారు చేశారు. పదహారు ప్రశ్నలు. ఎనిమిది చూపు గురించి: చదవగలరా, వాహనం నడపగలరా, ఇలా. మిగతా ఎనిమిది రూపం గురించి: జనం మిమ్మల్ని తేరిపార చూస్తున్నారా, ఫొటోలకు దూరంగా ఉంటున్నారా. ఈ రెండోది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి కాసేపు వరండాలో నిలబడ్డాను. నా ఊరు, నా బడి తెలియని ఎవరో నా ఫొటోల సంగతి అడుగుతున్నారు! ప్రశ్నల్లో సరిగ్గా సగం ముఖానికి కేటాయించారంటే, వాళ్లు రోగులు చెప్పింది నిజంగా విన్నారన్నమాట.

థైరాయిడ్ జబ్బులన్నిటికీ డెన్మార్క్ వాళ్లు తయారు చేసిన ‘థైప్రో’ అనే ప్రశ్నావళి కూడా ఉంది. అలసట, జ్ఞాపకశక్తి, ఆందోళన, చిరాకు, దాంపత్యం, రూపం, రోజువారీ పనులు, ఇలా పదమూడు అంశాలు. ఇటువంటిదేదీ నా చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చినా, అది తెలుగులో ఎలా ఉండాలన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న. ఒత్తులు నేర్పే దాన్ని కాబట్టి మాటల పట్టింపు ఎక్కువ. ‘మీకు అలసటగా ఉందా?’ అని అడిగితే నేను లేదనే చెబుతాను. అలసట పని చేస్తే వస్తుంది, పడుకుంటే పోతుంది. నాకు ఉన్నది నిస్సత్తువ. పొద్దున లేస్తూనే ఉంటుంది. హార్మోను ఎక్కువగా ఉన్న రోజుల్లో ఉండేది కాళ్లలో సత్తువ లేకపోవడం, కానీ మనసు మాత్రం పరుగులు పెట్టేది. దాన్ని మా అమ్మ ‘కుదురు లేకపోవడం’ అనేది. తక్కువైన రోజుల్లో ఉండేది ఒళ్లు బరువు, తల దిమ్ము. ఆడవాళ్లు ‘నీరసం’ అనే ఒక్క మాట కింద ఈ నాలుగింటినీ పెట్టి డాక్టరు ముందు పెడతారు. డాక్టరు దానికి బలం మందు రాస్తారు. ‘ఆందోళన’ అన్న మాట పత్రికల్లో ధర్నాలకు వాడతారు. పల్లెటూరి పెద్దావిడను ఆ మాటతో అడిగితే ఏం చెబుతుంది? ‘గుండెల్లో గాబరాగా ఉంటోందా, ఊరికే ఏడుపొస్తోందా, చిన్నమాటకే మీద పడుతున్నావా?’ అని అడగాలి. అప్పుడు చెబుతుంది. కన్నీళ్లతో చెబుతుంది.

ఎందుకంటే ఈ జబ్బు పురుషుల కంటే స్త్రీలకు ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. మన ఇళ్లలో ఆడదాని కోపాన్ని జబ్బుగా ఎవరూ చూడరు, గుణంగా చూస్తారు. హార్మోను ఎక్కువై ఆమె అరిస్తే గయ్యాళి. తక్కువై మంచం దిగలేకపోతే ఒళ్లు వంచని మనిషి. నేను ఉద్యోగం చేస్తున్నాను, నా మందులు నేను కొనుక్కోగలను, మా ఆయన నెమ్మదస్తుడు. వీటిలో ఏ ఒక్కటీ లేని ఆడవాళ్లకు ఈ జబ్బు వస్తే పుట్టింటికి పంపేసే దాకా వెళుతుంది. అటువంటివారిని ఇద్దరిని నేను దగ్గర నుంచి చూశాను. వాళ్లలో ఒకరికి గ్రేవ్స్ అని తెలిసింది పుట్టింటికి వచ్చిన ఏడాదికి. మాత్రలతో ఆమె గుండెదడ తగ్గింది. ఆ ఏడాదిలో ఆమె మీద పడ్డ పేరు మాత్రం ఇంకా పోలేదు.

డాక్టర్ల వైపు నుంచి చెప్పాల్సింది ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఒక పూటలో నలభై, యాభై మందిని చూసే మనిషిని ప్రతి ఒక్కరి జీవితకథా వినమనడం కుదరదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒకసారి థైరాయిడ్ జబ్బు వచ్చిన మనిషి తర్వాత వచ్చే ప్రతి బాధనూ దాని ఖాతాలోనే వేస్తుంది. రక్తహీనత, బీ12 లోపం, నిద్రలో శ్వాస ఆగిపోవడం, కుంగుబాటు, ఇవన్నీ నీరసం ముసుగులోనే వస్తాయి. అందరూ తమ ఇష్టప్రకారం థైరాక్సిన్ పెంచేసుకుంటే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నేను మోతాదు పెంచమని అడగడం లేదు. అడిగి తెలుసుకోమంటున్నాను, అంతే.

నా విషయంలో ఏం జరిగిందో చెబుతాను. ఆ ‘ఈ వయసులో మామూలే’ మాట విన్న తర్వాత పాత మార్కుల రిజిస్టరు ఒకటి తీసి, పిల్లల పేర్లుండే చోట నిద్ర, గుండెదడ, మతిమరుపు, కోపం, మెట్లు, కళ్లు అని రాసుకున్నాను. ప్రతి ఆదివారం ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకున్నాను. ఐదు నెలలు వేశాను. తర్వాత వేరే డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు అది ఆయన ముందు పెట్టాను. బయట అక్కడా బెంచీలు నిండే ఉన్నాయి. ఆయన రెండు నిమిషాలు పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టి, “ఈ నెల నుంచి మీ మార్కులు బాగా పడిపోయాయి. అప్పుడేమైనా కొత్త మాత్ర మొదలుపెట్టారా?” అని అడిగారు. మొదలుపెట్టాను. థైరాయిడ్ తక్కువైనప్పుడు నెలసరి విపరీతంగా అయ్యి రక్తం తగ్గితే, ఐరన్ మాత్రలు రాశారు. గుర్తుండటానికి పొద్దున్నే థైరాక్సిన్‌తో పాటే వేసుకునేదాన్ని. ఐరన్, క్యాల్షియం థైరాక్సిన్‌ను పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కనివ్వవు. నాలుగు గంటల ఎడం ఉండాలి. పరగడుపున మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగడం కూడా నాకున్న అలవాటే. అదీ మంచిది కాదు.

మోతాదు మార్చలేదు. వేళలు మార్చారు. ఐరన్ రాత్రికి వెళ్లింది, కాఫీ మాత్ర వేసుకున్న గంట తర్వాతకు జరిగింది. మూడు నెలల తర్వాత టీఎస్‌హెచ్ 1.7. అదీ నార్మలే, ఇంతకుముందుదీ నార్మలే. రిజిస్టరులో మాత్రం మెట్ల దగ్గర మూడు ఉన్నది ఏడైంది. మతిమరుపు నాలుగు దగ్గర నుంచి ఆరుకు వచ్చి అక్కడే ఆగింది, ఇప్పటికీ అక్కడే ఉంది. అన్నీ బాగైపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. పిల్లల పేర్లు ఇప్పుడు అరచేతిలో రాసుకుంటాను.

ఆ డాక్టరు గారు వెచ్చించింది రెండు నిమిషాలు. ఆ ఐదు నెలల పని నేను ఇంట్లో చేశాను. ప్రతి థైరాయిడ్ క్లినిక్కు బయట, రోగులు టోకెన్ పట్టుకుని గంట సేపు ఊరికే కూర్చునే ఆ బెంచీల మీద, పది ప్రశ్నలున్న ఒక కాగితం పెట్టవచ్చు. చదవడం రానివాళ్లకు నర్సమ్మ చదివి వినిపించవచ్చు. వైద్యం మొదలుపెట్టే రోజున ఒకసారి, తర్వాత ఆరు నెలలకొకసారి నింపించి ఫైలులో రిపోర్టు పక్కన పెట్టవచ్చు. కొత్త యంత్రం అక్కర్లేదు. మూడు దారుల్లో ఏది ఎంచుకుంటే తర్వాత రోజులు ఎలా ఉంటాయో తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వవచ్చు. గొంతునొప్పితో జ్వరమొస్తే ఏం చేయాలో ఆ పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

కిందటి నెల ల్యాబులో రక్తం ఇవ్వడానికి పొద్దున ఏడింటికే వెళ్లాను. పక్కన తల్లీకూతుళ్లు కూర్చున్నారు. అమ్మాయికి ఇరవై దాటి ఉండవు. నల్లద్దాలు పెట్టుకుంది, చేతిలో ఫైలు సన్నగా వణుకుతోంది. సంబంధాలు చూస్తున్నామని, ఈసారి రిపోర్టు నార్మల్ వస్తే చాలని తల్లి చెప్పింది. మాట్లాడినంతసేపూ తల్లే మాట్లాడింది. నేను అమ్మాయి వైపు తిరిగి, “మెట్లు ఎక్కగలుగుతున్నావామ్మా?” అని అడిగాను.

ఆ అమ్మాయి అద్దాలు తీసింది. “లేదండీ. కాలేజీలో మూడో అంతస్తు. మధ్యలో ఫోను చూసుకుంటున్నట్టు ఆగుతాను,” అంది. తల్లి ఆమె వైపు తిరిగి చూసింది. ఆ మాట తనకూ కొత్తేనని ఆ చూపులోనే తెలిసింది. “రాత్రుళ్లు నిద్ర కూడా...” అంటూ అమ్మాయి ఇంకా చెబుతూనే ఉంది. లోపలి నుంచి నా టోకెన్ నంబరు పిలిచారు. నా వెనకున్న ఆయనను ముందు వెళ్లమని చెప్పి నేను అక్కడే కూర్చున్నాను.